లంక మీద ఆశ్రమం, లెక్కలో లేని మనుషులు

ఊరికి దూరంగా, తమదైన నియమాలతో బతికే ఒక సమూహంలోంచి మనుషులు ఒకరి తరువాత ఒకరు కనిపించకుండా పోవడం అపరాధ పరిశోధక నవలకు బాగా అలవాటైన ఇతివృత్తం. లోపల గడియ పెట్టిన గదిలో శవం దొరకడమనే పాత చిక్కుకు దీన్ని విస్తరణగా చెప్పేవారు ఉన్నారు గానీ, రెండింటికీ పునాదిలోనే తేడా ఉంది. మూసిన గది కథలో చనిపోయినది ఎవరో తెలుసు, నేరం జరిగిందన్నదీ తెలుసు, అనుమానితులు ఎందరో మొదటి అధ్యాయానికే తేలిపోతుంది. మిగిలేది చేసినవారెవరన్న ప్రశ్న ఒక్కటే. అదృశ్యాల కథలో వీటిలో ఏదీ ముందుగా తెలియదు. పోయినవారు చనిపోయారో, వెళ్ళిపోయారో, అసలు ఆ ఆవరణలో మొన్నటిదాకా ఎందరు ఉండేవారో కచ్చితంగా చెప్పగలిగిన మనిషి ఉండడు. అందువల్ల ఈ తరహా నవల విప్పవలసిన అసలు ముడి నేరస్థుడి కన్నా ముందే మొదలవుతుంది. ఈ మనిషి లేదని గమనించవలసినవారు ఎవరు, వారు ఎందుకు గమనించలేదు? గోదావరి డెల్టాలోని ఒక లంకను, అంటే నది పాయల నడుమ ఏర్పడిన దీవిని, ఇలాంటి నవలకు రంగంగా తీసుకుంటే ఈ ప్రశ్నకు ఎంతో వివరమైన జవాబులు దొరుకుతాయి. ఆ జవాబుల్లోనే మంచి నవలకు కావలసిన ఆధారాలన్నీ ఉన్నాయి.

ఈ ప్రశ్న కథకుల ఊహ మాత్రమే కాదు, చట్టంలోనూ ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షను, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 111వ సెక్షను ఒకే సంగతి చెబుతాయి. ఒక మనిషి బతికి ఉంటే ఆ కబురు సహజంగా ఎవరికి అంది ఉండేదో, వారు ఏడేళ్ళపాటు ఏమీ వినకపోతే, ఆ మనిషి బతికే ఉన్నాడని వాదించేవారే దాన్ని రుజువు చేసుకోవాలి. ఇక్కడ ఏడేళ్ళ గడువు అందరికీ గుర్తుంటుంది గానీ, దాని వెనుక ఉన్న షరతును చాలామంది పట్టించుకోరు. కనిపించకుండా పోవడమన్నది ఆ మనిషి ఎక్కడున్నాడన్న దాన్ని బట్టి తేలదు, అతని గురించి వినవలసినవారు వింటున్నారా లేదా అన్న దాన్ని బట్టి తేలుతుంది. అలా వినవలసినవారే లేకుండా చేయగల ఏర్పాటు ఏదైనా ఉంటే, అక్కడ ఒక మనిషి మాయమైనా చట్టం దృష్టిలో ఏమీ జరగనట్టే ఉంటుంది.

ఏకాంత సమూహం సరిగ్గా అలాంటి ఏర్పాటు. చేరిన రోజున పాత పేరు పోతుంది, దీక్షా నామం వస్తుంది. అందరిదీ ఒకే రంగు బట్ట, ఒకే వేళ భోజనం. ఫోను అప్పగించాలి. ఇంటికి ఉత్తరాలు తగ్గించాలి, రాసినా ఆఫీసులో ఇచ్చి పోస్టు చేయించాలి. భార్యాభర్తలు కలిసి చేరితే వేరు వేరు వరుసల్లో పడుకోవాలి, తల్లీబిడ్డలను కూడా కొన్నిచోట్ల విడదీస్తారు. వీటిలో ఒక్కొక్కదానికీ ఆధ్యాత్మికమైన సమర్థన ఉంటుంది, అది చాలాసార్లు నిజాయితీగలదే. కానీ అన్నీ కలిసినప్పుడు వచ్చే ఫలితం ఒకటే, ఏ మనిషినీ ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉండే మరో మనిషి మిగలకపోవడం. ఉదయపు ప్రార్థనలో ఒక చాప ఖాళీగా ఉంటే పక్క చాపలోని వ్యక్తికి అడిగే హక్కు ఉండదు, ఎందుకంటే మౌనం అక్కడ వ్రతం. అడిగినా, సేవకు వేరే శాఖకు పంపామన్న జవాబు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఈ ఒక్క వాక్యం చుట్టూ ఒక నవల మొత్తం నడపవచ్చు. శాఖలు నిజంగానే ఉండి, బదిలీలు నిజంగానే జరుగుతూ, వాటి మధ్యలో రెండో మూడో మాత్రమే అబద్ధాలైతే, ఆ అబద్ధాలను ఏరి పట్టుకోవడం ఏ పరిశోధకుడికైనా కష్టమే.

బయట ఉన్న బంధువుల పట్టుదల ఎంత అవసరమో చెప్పే సంఘటన చరిత్రలో ఉంది. దక్షిణ అమెరికాలోని గయానా అడవుల్లో జోన్స్‌టౌన్ అనే స్థావరానికి 1978 నవంబరులో ఒక అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు వెళ్ళడానికి కారణం, తమవారి క్షేమం గురించి భయపడిన కుటుంబాలు పదేపదే మొరపెట్టుకోవడమే. నవంబరు 18న అతన్నీ, వెంట ఉన్న మరికొందరినీ కాల్చి చంపారు, అదే రోజు 900 మందికి పైగా ప్రాణాలు పోయాయి. వారిలో నాలుగు వందలకు పైగా మృతదేహాలను, గుర్తు తెలియకో, తీసుకువెళ్ళేవారు లేకో, కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో ఒకే శ్మశానంలో పూడ్చవలసి వచ్చింది. ఈ సంఘటనను తలుచుకునేవారు సాధారణంగా నాయకుడి ఉన్మాదం గురించి మాట్లాడతారు. నవల రాయాలనుకునేవారికి అంతకన్నా పనికివచ్చే సంగతి ఆ నాలుగు వందల మందిలో ఉంది.

ఇక చోటు సంగతి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోయి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది, వశిష్ఠ అంతర్వేది దగ్గర కలుస్తుంది, గౌతమి యానాం మీదుగా పోతుంది. ఈ పాయల నడుమ ఉన్నదే కోనసీమ. పాయల మధ్యలో నది తెచ్చిన ఒండ్రు మేట వేసి ఏర్పడినవి లంకలు. కొన్ని తరాల తరబడి ఊళ్ళుగా స్థిరపడ్డాయి. కొన్నిటి మీద కొబ్బరి, అరటి, కూరగాయల తోటలూ పశువుల మకాంలూ తప్ప ఇళ్ళు ఉండవు. కొన్ని ఒక ఒడ్డున కోతకు గురై, రెండో ఒడ్డున పెరుగుతూ ఉంటాయి. చుట్టూ నీరు, మధ్యలో గుబురైన తోట, బయటికి కనిపించని పర్ణశాలలు. ఏకాంతానికి ఇంతకన్నా సులువైన బొమ్మ దొరకదు. అయితే ఈ బొమ్మను నమ్మి కథ మొదలుపెట్టే రచయిత మొదటి పేజీలోనే దారి తప్పుతాడు. డెల్టాలో నిజమైన ఏకాంతం లేదు. ఏ లంకకూ ఉప్పు, పప్పు, కిరసనాయిలు, సిమెంటు దానంతట అది రాదు. పండిన కొబ్బరి దానంతట అది అంబాజీపేట మార్కెట్‌కు పోదు. దాటించేవారు ఉండాలి. ప్రపంచాన్ని వదిలేసిన సమూహం కూడా ప్రతిరోజూ ఎవరో ఒక పడవ మనిషి ముందు నిలబడి తీరాలి.

సమూహం లోపలి లెక్క నమ్మదగినది కాదు గనుక, నవలకు వెన్నెముక కావలసింది బయటివారి లెక్క. రేవు పాట పాడుకున్నవాడు తల ఒక్కింటికీ, మోటారు సైకిలు ఒక్కింటికీ డబ్బు తీసుకుంటాడు. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు (మనుషులనూ బళ్ళనూ దాటించే పెద్ద పడవ) నడిచే రేవులో రోజూ ఎంతమంది దాటుతారో అంచనా లేకుండా ఎవరూ వేలంలో నిలబడరు. చిన్న లంక రేవులో నాటు పడవ నడిపే మనిషి మరింత కచ్చితంగా ఉంటాడు, ఎందుకంటే అతని బతుకు ఆ చిల్లరే. వెళ్ళినవారెవరో, తిరిగి వచ్చినవారెవరో అతనికి కాగితం మీద రాసుకోనవసరం లేకుండా తెలుసు. ఆశ్రమం వారు ఒక స్త్రీ గత వారమే ఊరికి వెళ్ళిపోయిందని చెబితే, ఆమెను దాటించిన చేయి ఒకటి ఉండాలి. అటువంటి చేయి లేదంటే ఆమె లంక దాటలేదు, లేదా రాత్రిపూట ఆశ్రమం సొంత పడవలో దాటింది. రెండో మాటకు మళ్ళీ సాక్షులు ఉంటారు, చీకట్లో వలలు వేసేవారు.

కొబ్బరి దింపు కార్మికుడు ఇంతకన్నా విలువైన సాక్షి. నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి తోటకు దింపు రావాలి, లేకపోతే కాయ రాలి నష్టం. ప్రహరీ ఎంత ఎత్తుగా కట్టినా చెట్టెక్కినవాడికి అది అడ్డు కాదు. పైనుంచి అతనికి వంటశాల, గోశాల, వెనుక పక్కనున్న తాళం వేసిన పాకలు, కొత్తగా తవ్వి చదును చేసిన నేల, అన్నీ కనిపిస్తాయి. రెండు దింపుల మధ్య వచ్చిన మార్పు అతని కంటికి తెలిసినంతగా అక్కడే నివసించేవారికి తెలియదు, రోజూ చూసేదాంట్లో మార్పు కనిపించదు గనుక. అయినా పోలీసులు అతన్ని అడగరు, అడగాలన్న ఆలోచన రాదు. తెలుగు అపరాధ పరిశోధక నవలలు ఎక్కువ భాగం నగరం నుంచి వచ్చిన తెలివైన డిటెక్టివు చేతుల మీదుగా నడిచాయి. స్థానికులు అతనికి కారు దారి చూపించడానికో, అనవసరంగా భయపడటానికో పనికివచ్చారు. డెల్టా నవలలో ఈ అమరిక తలకిందులు కావాలి. తెలిసినవారు ఇక్కడివారే, వారికి తెలిసిన ముక్కలను కలిపి చూసే ఓపిక ఉన్న ఒక మనిషి మాత్రమే కావాలి. ఆ మనిషి హెడ్ కానిస్టేబులు కావచ్చు, టీకాల కోసం లంకకు వచ్చే ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) కావచ్చు, గ్రామ సచివాలయం ఉద్యోగి కావచ్చు. సచివాలయం ఉద్యోగికి ఒక అదనపు సదుపాయం ఉంది. ఇంటి దగ్గరికే వచ్చి ప్రతి నెలా ఒకటో తేదీన ఇచ్చే పింఛనుకు వేలిముద్రో ముఖ గుర్తింపో కావాలి. ఆశ్రమంలో చేరిన ఒక ముసలామె పింఛను మూడు నెలలుగా ఎవరూ తీసుకోకపోవడం చిన్న విషయంలా కనిపించవచ్చు, కానీ ఆ మూడు నెలలూ ఆమె సంతకంతో దానపత్రం రాతకోతలు నడిచి ఉంటే అది చిన్న విషయం కాదు.

దానపత్రం మాట వచ్చింది గనుక కారణం గురించి చెప్పుకోవాలి. ఇలాంటి నవలల్లో నరబలి, మంత్రతంత్రం, ఉన్మాదం వంటివి సులువుగా వచ్చి పడతాయి. అవి భయపెడతాయి గానీ ఆలోచింపజేయవు. కోనసీమలో నమ్మదగిన కారణం భూమి. కొబ్బరి తోట, కాలవ పారకం ఉన్న ఎకరం, రొయ్యల చెరువుకు పనికివచ్చే పల్లపు నేల, ఇవి ఉన్న మనిషి ఆశ్రమంలో చేరిన క్షణం నుంచి రెండు వర్గాలు ఆ భూమి వంక చూస్తాయి. ఒకటి ఆశ్రమం, రెండోది ఇల్లు. హిందూ ధర్మశాస్త్ర సంప్రదాయంలో సన్యాసం తీసుకునేవాడు తన శ్రాద్ధం తానే పెట్టుకుంటాడు, అంటే లోకం దృష్టిలో ఆ రోజుతో చనిపోయినట్టే. న్యాయస్థానాలు కూడా దీన్ని గుర్తించాయి. విధి ప్రకారం సన్యసించినవాడికి పౌర మరణం సంభవించినట్టు లెక్క, అతని ఆస్తి వారసులకు పోతుంది. కాషాయం కట్టినంత మాత్రాన సరిపోదు, ఆ కర్మకాండ జరిగిందని రుజువు కావాలి. ఇక్కడ రచయితకు అరుదైన అవకాశం ఉంది. అన్న సన్యసించాడని తమ్ముడు అంటాడు, అది నిలిస్తే ఏడేళ్ళు ఆగకుండానే పొలం తమ్ముడిది. ఆయన గృహస్థుగానే ఉండి ఆశ్రమానికి దానం రాశాడని ఆశ్రమం అంటుంది, అది నిలిస్తే పొలం ఆశ్రమానిది. ఆ మనిషి బతికి ఉండి నోరు విప్పితే ఇద్దరిలో ఒకరు ఓడిపోతారు. ఆయన కనబడకుండా ఉండటం మాత్రం, ఎవరి పని అయినా, ఇద్దరికీ కొంతకాలం మేలు చేస్తుంది.

ఇలాంటి వ్యాజ్యంలో ప్రాణం తేదీలో ఉంటుంది. స్థిరాస్తి దానం చెల్లాలంటే దస్తావేజు రిజిస్టరు కావాలి, కనీసం ఇద్దరు సాక్షుల సంతకం ఉండాలి, దాత బతికి ఉండగానే గ్రహీత దాన్ని స్వీకరించాలి. రిజిస్ట్రేషను చట్టానికి 2001లో చేర్చిన 32ఏ సెక్షను వల్ల పత్రం మీద ఫోటో, వేలిముద్రలు ఉంటాయి. కాబట్టి మోసం చేయాలనుకునేవారు సాధారణంగా పవరాఫ్ అటార్నీ దారి పడతారు. అయితే అధికారం ఇచ్చిన మనిషి చనిపోతే ఆ అధికారం అక్కడితో అంతం. మరి ఎప్పుడు చనిపోయాడు? ఏడేళ్ళ నిబంధన ఇక్కడ సాయపడదు. 2004లో సుప్రీంకోర్టు జీవిత బీమా వివాదం ఒకదానిలో ఈ సంగతి తేల్చింది, ఏడేళ్ళు గడిస్తే మరణించాడని భావించవచ్చు గానీ ఏ రోజున మరణించాడన్న భావన దాంతో రాదు, ఆ తేదీ కావలసినవారే దాన్ని రుజువు చేసుకోవాలి. ఒక కోర్టు తీర్పులోని ఈ చిన్న ఖాళీ మంచి అపరాధ నవలకు సరిపోయేంత విశాలమైనది. చంపినవాడెవరన్నది పాఠకుడు సగం పుస్తకానికే ఊహించవచ్చు, అయినా అది పవరాఫ్ అటార్నీ పత్రానికి ముందా తరువాతా అన్నది తేలేవరకు పుస్తకం చేతిలోంచి దిగదు.

ఆ తేదీని చెప్పగలిగేది నది. ఈ మాట కవిత్వం కోసం కాదు, డెల్టాలో నీటికి ఒక కాలపట్టిక ఉంది. వానాకాలంలో ధవళేశ్వరం బ్యారేజీ తలుపులు ఎత్తినప్పుడు ప్రవాహం సముద్రం వైపే, దేన్నైనా వేగంగా కిందికి లాక్కుపోతుంది. వేసవిలో బ్యారేజీ దిగువకు వచ్చే నీరు తగ్గిపోయి పాయల్లోకి సముద్రపు పోటు ఎగదన్నుతుంది, ఉప్పునీరు లోపలికి వస్తుంది, నది రోజుకు రెండుసార్లు వెనక్కి నడుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒక లంక దగ్గర నీటిలో పడిన శరీరం ఆ లంకకు ఎగువన ఒడ్డుకు చేరవచ్చు. ఈ సంగతి తెలియని పరిశోధకుడు శవం దొరికిన చోటుకు ఎగువనే వెతుకుతాడు, ఏమీ దొరకక తప్పుడు మనిషిని అనుమానిస్తాడు. వల వేసేవాడికి మాత్రం ఆ రోజు పోటు ఎన్ని గంటలకు వచ్చిందో, ఎంత దూరం పోయిందో గుర్తుంటుంది, అమావాస్యకూ పౌర్ణమికీ తేడా లెక్క వేసి చెబుతాడు. పాఠకుడికి ముందే మూడు నాలుగు చోట్ల పోటు గురించి మామూలు మాటల్లో చెప్పి ఉంచితే, ముడి విడిపోయేటప్పుడు అది మోసం అనిపించదు. ఆధారాలన్నీ పాఠకుడి ముందు పెట్టి ఆట ఆడాలన్న నియమాన్ని 1920ల, 30ల నాటి బ్రిటిష్ రచయితలు పట్టుబట్టి పాటించారు. ఆ నియమాన్ని గౌరవించడానికి పోటు ఎంతో అనువైన ఆధారం.

కాలవలు మరో గడియారం. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి ఈ ప్రాంతపు వ్యవసాయమంతా కాలవల మీద ఆధారపడింది. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు, నీరు ఇంకి అడుగు బయటపడుతుంది. ఏడాది పొడుగునా నీటి కింద ఉన్నది ఆ కొద్ది వారాల్లో ఎండకు వస్తుంది, పూడిక తీసే యంత్రాలు దిగుతాయి. నేరస్థుడు ఈ ప్రాంతం వాడైతే కాలవను నమ్ముకోడు. బయటివాడైతే నమ్ముకుంటాడు. ఒక వస్తువు, ఒక సంచి, ఒక తాళం గుత్తి కాలవ అడుగున దొరకడం వల్ల నవలలో తేలేది అదొక్కటే కాదు, దాన్ని పడేసినవాడికి ఊరి క్యాలెండరు తెలియదన్నదీ తేలుతుంది. చేపల చెరువుల సంగతీ ఇంతే, పట్టుబడికి నీరు తోడితే అడుగు కనిపిస్తుంది. లంక నేల మాత్రం పూడ్చిపెట్టినదాన్ని దాచుతుందని అనుకోవడానికి లేదు. కోత ఉన్న వైపు గట్టు ఏటా కొన్ని గజాలు నదిలో కలిసిపోతూ ఉంటే, అందులో పాతినది వరద తరువాత గోడలో ఇటుకలా బయటపడుతుంది, లేదా పూర్తిగా కొట్టుకుపోతుంది. ఏది జరుగుతుందో నేరస్థుడి చేతుల్లో ఉండదు.

దొరికిన శరీరానికి పేరు రావడం మరో కథ. పాయ నడుమ గీత ఒక జిల్లాకూ మరో జిల్లాకూ సరిహద్దు. వశిష్ఠకు తూర్పున కోనసీమ, పడమట పశ్చిమ గోదావరి. గౌతమి వైపు ఇంకా చిక్కు, యానాం 1954 వరకు ఫ్రెంచి వారి పాలనలో ఉండి ఇప్పుడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం, అక్కడి పోలీసు వ్యవస్థే వేరు. ఒక ఒడ్డు స్టేషనులో మిస్సింగ్ కేసు నమోదవుతుంది, ఎదుటి ఒడ్డు స్టేషనులో గుర్తు తెలియని శవానికి పంచనామా జరుగుతుంది. రెండు కాగితాలూ కలుసుకోవడానికి ఎవరో ఒకరు కూర్చుని రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. ఎక్కడ జరిగిన నేరమైనా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవచ్చన్నది ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షనులో స్పష్టంగా ఉంది, కానీ ఫిర్యాదు చేసేవారు ఉంటేనే దానికి అర్థం. పిల్లల విషయంలో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం గట్టిది, తప్పిపోయిన ప్రతి బిడ్డకూ కేసు కట్టి, అపహరణగానో అక్రమ రవాణాగానో భావించి దర్యాప్తు చేయాలి. పెద్దవారికి ఆ రక్షణ లేదు. వయసు వచ్చిన మనిషి తన ఇష్టంతో వెళ్ళిపోవచ్చు, వెళ్ళిపోయే హక్కు ఉంది.

ఈ హక్కు దగ్గరే ఈ తరహా నవలల్లో ఎక్కువ భాగం తేలిపోతాయి. గురువును దుర్మార్గుడిగా, చేరినవారిని బుద్ధిలేనివారిగా చూపిస్తే మిగిలేది వార్తా కథనమే. లంక మీది ఆశ్రమానికి వచ్చేవారు ఎందుకు వస్తారో నిజాయితీగా రాయాలి. కొడుకుల ఇళ్ళ మధ్య వంతుల మీద తిరిగి అలసిన తల్లి, భర్త కొట్టే దెబ్బల నుంచి పారిపోయి వచ్చిన స్త్రీ, రొయ్యల చెరువులో నష్టపోయి అప్పులవారి ముఖం చూడలేని రైతు, గల్ఫ్‌లో ఏళ్ళు గడిపి తిరిగి వచ్చి ఇంట్లో ఇమడలేని మనిషి, వీరందరికీ అక్కడ వేళకు అన్నం, అడగకుండా ఒక పేరు, ఒక పని దొరుకుతాయి. వీరిలో కొందరికి వెతుకుతున్న కుటుంబమే ప్రమాదం. హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరు పరచమని కోరే పిటిషను) వేస్తే, కోర్టు ముందుకు తీసుకువచ్చిన పెద్ద వయసు మనిషి తన ఇష్టంతోనే ఉన్నానని చెప్పినప్పుడు సాధారణంగా ఆ విచారణ అక్కడితో ముగుస్తుంది. న్యాయమైన ఈ ఏర్పాటులో ఇరుకు ఎక్కడంటే, భయపడి చెప్పిన మాటకూ మనసారా చెప్పిన మాటకూ కాగితం మీద తేడా ఉండదు. ఆ తేడాను చూపించగలిగినది నవలే, అందుకు అవసరమైన వ్యవధి దానికే ఉంది. ఆరుగురు మాయమైన కథలో ఇద్దరు చనిపోయి, ఒకరు మరో శాఖలో నిజంగానే ఉండి, ఒకరు మందులు లేక జబ్బు ముదిరి చనిపోతే భయపడి దాచిపెట్టి, ఇద్దరు తమంతట తాము పారిపోయి ఉంటే, అది ఒకే హంతకుడున్న కథ కన్నా నిజానికి దగ్గరగా ఉంటుంది. అందరికీ ఒకే జవాబు ఇచ్చే ముగింపు, ఎంత తెలివైనదైనా, పోయిన మనుషులను మళ్ళీ ఒక మూకగా మార్చేస్తుంది. ఆశ్రమం ఆ మనుషులకు చేసిన పనే రచయితా చేసినట్టు అవుతుంది.

మనుషులను వేరు వేరుగా చూడటం ఆధారాల్లో కూడా కనిపించాలి. ఉదాహరణకు ఉత్తరాలు. చనిపోయిన మనిషి పేరుతో ఇంటికి కబుర్లు పంపుతూ ఉండటం ఈ కథల్లో మామూలే. చేతిరాత తేడాతో దొరికిపోవడమూ మామూలే. అంతకన్నా సున్నితమైన గుర్తు ఒకటుంది. ఇంటి మీద ప్రాణం పెట్టుకున్న మనిషి రాసే ఉత్తరం నిండా ప్రశ్నలు ఉంటాయి: గేదె ఈనిందా, చిన్నదానికి సంబంధం కుదిరిందా, ఈసారి దింపుకు ఎన్ని కాయలొచ్చాయి, ఏటిగట్టు మీద గండి పూడ్చారా. ఆ మనిషి పేరుతో ఇంకొకరు రాసినప్పుడు సమాచారం ఉంటుంది గానీ ప్రశ్నలు ఉండవు, జవాబు వస్తే మళ్ళీ దాన్ని మోయాలి గనుక. బాగున్నాను, బెంగ పెట్టుకోకండి, స్వామివారి దయ, అంతే. తల్లికి ఏదో తేడా అనిపిస్తుంది, ఏమిటో చెప్పలేదు. మూడు వందల పేజీల తరువాత ఆ ఉత్తరాలన్నీ వరుసగా పెట్టి చదివిన మనిషికి ప్రశ్నలు ఏ తేదీ నుంచి ఆగిపోయాయో కనిపిస్తుంది. పవరాఫ్ అటార్నీ తేదీతో దాన్ని పోల్చి చూడటం మాత్రమే మిగులుతుంది.

ఇన్ని లెక్కలూ ఒకే రోజున ఒకచోటికి రావడానికి డెల్టాలో సహజమైన సందర్భం వరద. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. మొదటి హెచ్చరికకే లోతట్టు లంకల్లో కాజ్‌వేలు మునుగుతాయి. మూడవదానికి లంకలు ఖాళీ చేయించాలి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల స్థాయి వరద చూసిన పెద్దలు ఎవరూ చెప్పకుండానే మూటలు కట్టుకుంటారు. పడవ ఎక్కించేటప్పుడు తలలు లెక్కపెడతారు, పునరావాస కేంద్రంలో పేర్లు రాస్తారు, అన్నం పొట్లాలు లెక్క చూసి పంచుతారు. ఎవరికీ జవాబు చెప్పనవసరం లేని సమూహం ఆ రోజు పాఠశాల వరండాలో మిగతా ఊళ్ళవారి పక్కన కూర్చుని పేరు, తండ్రి పేరు, ఆధార్ నంబరు చెప్పాలి. ఆశ్రమం వంటశాలకు నెలనెలా పోయిన బియ్యం ఎందరికి సరిపోతుందో కొట్టువాడికి తెలుసు. పడవల్లో దిగినవారు ఎందరో రెవెన్యూ సిబ్బందికి తెలుసు. ఈ రెండు సంఖ్యలూ కలవకపోవడం నవలకు మలుపు. మొదట వరద మీద నెపం పెడతారు. ఇక్కడ డెల్టాకు ఉన్న బాధాకరమైన అనుభవం అడ్డు వస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు, సముద్రం మీదికి వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు, వారి శరీరాలు దొరకని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. నీరు తీసుకుపోయింది అనే మాటను ఇక్కడ ఎవరూ తేలికగా అనరు, తేలికగా అన్నవాడిని నమ్మరు. ఆ రాత్రి నాన్న తిరిగిరాని ఒక మనిషి పునరావాస కేంద్రంలో పేర్లు రాసే బల్ల దగ్గర కూర్చుని ఉంటే, ఆశ్రమ నిర్వాహకుడు తొందరగా చెప్పిన నాలుగు పేర్ల దగ్గర అతని కలం ఆగుతుంది.

కాలాన్ని ఎంచుకోవడంలో కూడా ఈ ప్రాంతం రచయితకు సాయం చేస్తుంది. 2015 జూలై 14న గోదావరి పుష్కరాలు మొదలయ్యాయి. మొదటి రోజే రాజమండ్రిలో తొక్కిసలాట జరిగి ఇరవై మందికి పైగా చనిపోయారు, ఆ జనసముద్రంలో తమవారి చేయి జారి వెతుక్కున్నవారు ఎందరో ఉన్నారు. ఆ రోజున తప్పిపోయి, ఇంటికి తిరిగి వెళ్ళకూడదని అక్కడే నిశ్చయించుకుని, ఎవరితోనో లంకకు చేరిన ఒక స్త్రీని ఊహించవచ్చు. ఆమెకు ఏడేళ్ళు నిండేది 2022 జూలైలో. సరిగ్గా ఆ నెలలోనే భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన వరద ధవళేశ్వరం చేరి 25 లక్షల క్యూసెక్కులు మించిపోయింది, లంకలను ఖాళీ చేయించవలసి వచ్చింది. అంతకు మూడు నెలల ముందు, ఏప్రిల్ 4న, పాత తూర్పు గోదావరి జిల్లా విడిపోయి అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. ఫైళ్ళు ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి మారుతున్న రోజులవి. భర్త తరఫువారు కోర్టులో మరణ ప్రకటన కోసం దావా వేయడానికి సిద్ధపడుతున్న వారంలోనే ఆమె పునరావాస కేంద్రంలో దీక్షా నామంతో పేరు రాయించుకోవలసి వస్తుంది. ధర్మశాస్త్రాలు చెప్పే గడువు వేరు, పన్నెండేళ్ళు కబురు లేకపోతే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ జరిపించాలన్నది పాత ఆచారం. ఆ పన్నెండేళ్ళు నిండేది మళ్ళీ పుష్కరాలు వచ్చే 2027లో.

ఇలా ఊహించిన కథలో, 2022 వరదలో లెక్క సరిచూసిన ఉద్యోగికి నలుగురు లేరని తెలిసింది, దాంతో పాటు పోయిందనుకున్న ఒకామె బతికి ఉందనీ తెలిసింది. ఆ నలుగురి గురించి నిజం చెప్పగల సాక్షి ఆమే. ఆమె సాక్ష్యం చెప్పాలంటే అసలు పేరు చెప్పాలి, చెబితే ఎవరి నుంచి పారిపోయిందో వారికి చిరునామా తెలుస్తుంది. కోర్టు ముందు రహస్య విచారణ కోరవచ్చు, వాంగ్మూలం మేజిస్ట్రేటు దగ్గర ఇప్పించవచ్చు, రక్షణ అడగవచ్చు. ఇవన్నీ ఉన్న దారులే, వీటిలో ఏదీ పూర్తి భరోసా ఇవ్వదు. మరోవైపు పుట్టింట్లో ఆమె తల్లి 2027 పుష్కరాలకు కూతురి పేరున పిండం పెట్టించాలా వద్దా అని పురోహితుణ్ణి అడుగుతూ ఉంటుంది. నేరస్థుడెవరో తేలిపోయిన తరువాత కూడా నవలకు ఇంకా ఇరవై ముప్పై పేజీలు కావాలంటే ఈ సాక్షి కోసమే కావాలి. ఆ పేజీల్లో రచయిత పరిశోధకుణ్ణి పక్కన పెట్టి, ఏ కబురు ఎవరికి, ఎవరి చేత చేరాలో నిర్ణయించే పనిని ఆమెకే వదిలిపెట్టాలి.